రబ్బరు తోటల మీదుగా ఫ్రెంచి సినిమాకు

సుంగై పెటానిలో ఉండే తెలుగువాడికి ఫ్రెంచి సినిమాలతో ఏం పని అని అడిగేవాళ్ళు మా ఊళ్ళో చాలామందే ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. మలాయ్ భాషలో సుంగై అంటే ఏరు, పెటాని అంటే రైతు. పేరుకు రైతుల ఏరే గాని, మా పెద్దవాళ్ళు కెడా రాష్ట్రానికి ఓడెక్కి వచ్చింది వరి పండించడానికి కాదు, రబ్బరు చెట్లు గీసి పాలు తీయడానికి. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం, ఆఫీసులో మలాయ్, పిల్లల పై చదువులకు ఇంగ్లీషు. ఇప్పటికే నాలుగు భాషల మధ్య సర్దుకుంటున్న సంసారంలోకి అయిదోదాన్ని ఎందుకు తెస్తావన్నది ఆ ప్రశ్నలో ఉన్న అసలు మాట.

ఫ్రెంచి నేర్చుకోమని నేనెవరికీ చెప్పడం లేదు. నాకే రాదు. కానీ కొన్నేళ్ళుగా ఆ భాష సినిమాలు చూస్తుంటే మన భాష గురించి, మన పిల్లల గురించి, మన తాతల గురించి కొన్ని సంగతులు తట్టాయి. అవి మన సంచిక చదివే కుటుంబాలకు పనికొస్తాయనిపించి రాస్తున్నాను. మీరు అమెరికాలో ఉన్నా, ఆస్ట్రేలియాలో ఉన్నా, మారిషస్‌లో ఉన్నా ఇందులో కొంతైనా మీ ఇంటి సంగతి కనిపిస్తుందని నా నమ్మకం.

పెనాంగ్‌కు దారి

మలేషియాలో ఫ్రెంచి చిత్రోత్సవం ఈ శతాబ్దం మొదటి దశకం నుంచీ నడుస్తూ వచ్చింది. అలియాన్స్ ఫ్రాన్సేజ్ సంస్థ, ఫ్రెంచి రాయబార కార్యాలయం, గోల్డెన్ స్క్రీన్ సినిమా హాళ్ళవాళ్ళు కలిసి దీన్ని నడుపుతారు. పెద్ద హడావుడంతా కౌలాలంపూర్‌లోనే. మా ఉత్తరాదివాళ్ళకు దగ్గరైన చోటు పెనాంగ్. సుంగై పెటానిలో రైలెక్కితే బటర్‌వర్త్, అక్కడ ఫెర్రీ ఎక్కితే జార్జ్‌టౌన్. మొత్తం దారి నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ. సినిమా ఆలస్యమై చివరి బండి తప్పితే ఎవరో ఒక చుట్టం ఇంట్లో పడుకోవడమే.

ఈ వ్యాసంలో చెప్పే సినిమాల్లో కొన్ని ఉత్సవాల పుణ్యమా అని హాల్లో చూసినవి, కొన్ని ఆ రుచి మరిగాక ఇంటికి తెచ్చుకుని చూసినవి. ఏది ఎక్కడ చూశానన్న లెక్క పాఠకుడికి అక్కర్లేదు గనక వదిలేస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. ఫ్రెంచివాళ్ళు మనకు మరీ పరాయివాళ్ళు కారు. చిన్నప్పుడు కథల్లో విన్న బొబ్బిలి యుద్ధంలో, 1757లో, కోట ముందు ఫిరంగులు పెట్టించిన బుస్సీ ఫ్రెంచివాడే. గోదావరి గట్టున ఉన్న యానాం 1954 దాకా ఫ్రెంచి ఏలుబడిలోనే ఉంది. 1929లో శారదా చట్టం వచ్చాక, ఆ చట్టం చెల్లని యానాంకు పసిపిల్లల్ని తీసుకెళ్ళి పెళ్ళిళ్ళు చేసుకొచ్చేవారు. దానికి కల్యాణపురమని పేరు కూడా పడింది. 1828లో రీయూనియన్ ద్వీపానికి చెరుకు తోటల కోసం తొలి భారతీయ కూలీలను ఓడెక్కించింది కూడా ఆ యానాం నుంచే. ఆ తీరం నుంచే కొందరు మారిషస్ వెళ్ళారు, కొందరు బర్మా వెళ్ళారు, మావాళ్ళు మలయా వచ్చారు. ఓడ మారి ఉంటే ఈ వ్యాసం రాసేవాడి ఇంట్లో ఫ్రెంచి క్రియోల్ మాట్లాడుతుండేవారు.

దొరసాని కన్నీళ్ళు: ఇండోషీన్

ముందుగా 1992లో వచ్చిన "ఇండోషీన్" గురించి. దర్శకుడు రెజీస్ వార్నియే. ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ వచ్చింది. కథ 1930ల నాటి వియత్నాంలో జరుగుతుంది. ఎలియాన్ అనే ఫ్రెంచి స్త్రీకి పెద్ద రబ్బరు తోట ఉంటుంది. కాత్రిన్ దనేవ్ ఆ పాత్ర వేశారు. ఎలియాన్ పెంచుకున్న వియత్నాం పిల్ల కామీ, ఎలియాన్ ప్రేమించిన నౌకాదళ అధికారినే ప్రేమిస్తుంది. తర్వాత అతన్ని వెతుక్కుంటూ దేశమంతా తిరిగి, చివరకు కమ్యూనిస్టు అవుతుంది. వియత్నాం ఫ్రాన్సు చేతుల్లోంచి పోవడం, కూతురు తల్లి చేతుల్లోంచి పోవడం ఒకటే అన్నట్టుగా కథ నడుస్తుంది.

మావాళ్ళకు దీనిమీద ఆసక్తి కలగడానికి కారణం వేరు. వియత్నాంలో సైగాన్ వీధులు బాగా మారిపోయాయని, ఆ దృశ్యాలకు మన బటర్‌వర్త్‌ను, పెనాంగ్‌ను వాడుకున్నారు. పెనాంగ్ హిల్ మీద ఉన్న పాత క్రాగ్ హోటల్లో కూడా చిత్రీకరించారు. మనం రోజూ చూసే గోడలు, వరండాలు ఆస్కార్ సినిమాలో సైగాన్ వేషం వేసుకుని నిలబడితే ముచ్చటగానే ఉంటుంది. ఇక రబ్బరు చెట్ల సంగతి చెప్పేదేముంది. వరసలు వరసలుగా నిలబడ్డ ఆ చెట్లను తెరమీద చూడగానే, తోటలో పుట్టినవాడికి తెల్లవారుజామున ముక్కుకు తగిలే ఆ పుల్లటి వాసన కూడా గుర్తొస్తుంది.

అయితే ఆ చెట్ల కింద నిలబడ్డవాళ్ళెవరు? సినిమా మీద నా అసలు ఫిర్యాదు ఇక్కడే మొదలవుతుంది. పారిపోబోయి దొరికిన ఒక కూలీని ఎలియాన్ తన చేత్తో కొరడాతో కొట్టే దృశ్యం ఒకటి ఉంది. పిల్లల్ని కొట్టడం తల్లికి ఇష్టమనుకుంటున్నావా అని ఆవిడ అడుగుతుంది. నాకు తల్లీ తండ్రీ నువ్వే అని వాడు జవాబిస్తాడు. ఫ్రెంచి ప్రేక్షకుడికి అది ఆ కాలపు వింత సంబంధంగా కనిపించవచ్చు. తోట తెలుగువాడికి మాత్రం ఆ జవాబు చెవుల్లో వేరుగా మోగుతుంది. "తల్లీ తండ్రీ మీరే దొరా" అన్న మాట మా పెద్దవాళ్ళ నోట కూడా ఉండేది. అది ప్రేమతో అనే మాట కాదు. దెబ్బ ఆగడానికి అనే మాట. కంగాణి ముందు, కిరాణీ ముందు, దొర ముందు ఎప్పుడు ఏ మాట అంటే బియ్యం ఆగకుండా ఉంటుందో తెలిసినవాళ్ళు అనే మాట. సినిమా మాత్రం ఆ మాటను నిజమని నమ్మేసింది. ఆ కూలీకి పేరు లేదు, ఇల్లు లేదు, ఆ జవాబు చెప్పాక వాడు ఏమనుకున్నాడో చెప్పే ఒక్క దృశ్యం కూడా లేదు.

సినిమాను మొత్తంగా తీసిపారేయడం లేదు. సముద్రంలో రాళ్ళ దీవి మీద కూలీల సంత జరిగే ఘట్టంలో, తనతో కలిసి నడిచిన కుటుంబం చచ్చిపడి ఉండటం చూసి కామీ తుపాకీ పేల్చే చోట, దర్శకుడు వలస పాలన అసలు ముఖాన్ని దాచలేదు. దనేవ్ నటన గొప్పది. కానీ రెండున్నర గంటలకు మించిన సినిమా అయిపోయేసరికి మనం ఏడిచేది తోట పోయిన దొరసాని కోసం. తోటలో పోయినవాళ్ళ కోసం కాదు.

ఇది ఒక్క సినిమా తప్పు కాదు. మలయా రబ్బరు తోటల గురించి ఫ్రెంచిలో పేరుపొందిన రచన "మలేజీ". దానికి 1930లో గోన్‌కూర్ బహుమతి వచ్చింది. రాసిన ఆన్రీ ఫోకోనియే స్వయంగా మలయాలో తోట దొర. "బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్" కథ రాసిన పియేర్ బూల్ కూడా మలయా రబ్బరు తోటలో పనిచేసినవాడే. ఇద్దరూ మంచి రచయితలే. ఇద్దరూ చూసింది బంగళా వరండాలోంచి. వియత్నాంలో మాత్రం ఒక తేడా జరిగింది. అక్కడి ఫూ రియెంగ్ రబ్బరు తోటలో 1930లో కూలీలు సమ్మె కట్టారు. ఆ సమ్మెలో ఉన్న త్రాన్ తూ బిన్ అనే కార్మికుడు తర్వాత తన కథ చెప్పుకుంటే "ఎర్రనేల" అన్న అర్థం వచ్చే పేరుతో పుస్తకమైంది. ఇండోషీన్ చూసినవాళ్ళు దాన్ని కూడా చదివితేనే చిత్రం పూర్తవుతుంది. మా నాన్నమ్మ తరంలో మావాళ్ళెవరూ అలాంటి పుస్తకం మిగల్చలేదు. మిగల్చడానికి వాళ్ళకు అక్షరం రాదు. అక్షరం వచ్చిన మా తరం ఉద్యోగాల వెంట పడింది.

రెండు బళ్ళు

అక్షరం సంగతి వచ్చింది గనక రెండు బడి సినిమాల గురించి చెబుతాను.

మొదటిది 2002లో నికోలా ఫిలిబేర్ తీసిన "ఎత్ర్ ఎ అవ్వార్". ఇది డాక్యుమెంటరీ. ఫ్రాన్సు మధ్యలో కొండ ప్రాంతంలో ఒక పల్లె. అక్కడ ఒకే గది బడి, ఒకే పంతులు, నాలుగేళ్ళ పసివాళ్ళ నుంచి పదీ పదకొండేళ్ళ వాళ్ళ దాకా కలిపి పట్టుమని పదిహేను మంది లేరు. మంచు కురుస్తుంటే పశువుల్ని తోలుకెళ్ళడంతో సినిమా మొదలవుతుంది. తర్వాత ఖాళీ తరగతి గదిలో రెండు తాబేళ్ళు నేలమీద నింపాదిగా నడుస్తుంటాయి. సినిమా నడకెలా ఉంటుందో దర్శకుడు అక్కడే చెప్పేశాడు. తొందరుండే వాళ్ళు లేచి వెళ్ళిపోవచ్చు.

పేరుకు అర్థం "ఉండటం, కలిగి ఉండటం". ఫ్రెంచి పిల్లలు మొట్టమొదట నేర్చుకునే రెండు క్రియలు అవి. మన తెలుగులో ఈ రెంటికీ కలిపి "ఉండు" ఒక్కటే. నేను ఉన్నాను, నాకు ఇల్లు ఉంది. మనకు ఆస్తి కూడా పక్కన వచ్చి కూర్చుంటుందే గాని చేతికి చిక్కదు. ఇలాంటివి ఆలోచించుకోవడానికి పరాయి భాష సినిమా మంచి సాధనం.

ఆ పంతులు జార్జ్ లోపెజ్ గారు స్పెయిన్ నుంచి వలస వచ్చిన వ్యవసాయ కూలీ కొడుకు. కెమెరా ముందు ఆ సంగతి ఆయనే నెమ్మదిగా చెబుతారు. కూలీ కొడుకు పంతులు కావాలనుకోవడం, తండ్రికి అది గర్వం కావడం. మా తోటల్లో ఈ కథ ఎన్ని ఇళ్ళలో జరిగిందో! తోట బడి కూడా ఒకే గది బడే. కూలీ లైన్ల చివర రేకుల కప్పు, ఒకే మాస్టారు, అన్ని తరగతులూ కలిపి ఒకే అరుపు. ఆ మాస్టారే సాయంత్రం భజన పాడేవాడు, ఉత్తరాలు చదివిపెట్టేవాడు, రాసిపెట్టేవాడు. ఒకప్పుడు ఈ దేశపు తోటల్లో తెలుగు బళ్ళు ఉండేవి. ఇవాళ సర్కారు లెక్కల్లో తమిళ బళ్ళు అయిదు వందలకు పైగా ఉన్నాయి. తెలుగు పిల్లలకు సంఘాలు నడిపే వారాంతపు తరగతులే దిక్కు. మా తెలుగు బళ్ళు బతికి ఉన్నప్పుడు వాటి మీద ఎవరూ కెమెరా పెట్టలేదు.

ఈ సినిమాకు ఒక చేదు తోక కూడా ఉంది. ఫ్రాన్సులో ఇది అనుకోనంత పెద్ద విజయం సాధించాక, తన పాఠాలతో తీసిన సినిమాలో తనకూ వాటా రావాలని పంతులు గారు కోర్టుకెక్కారు. 2004లో ఓడిపోయారు. చట్టం ప్రకారం తీర్పు సరైనదే కావచ్చు. కానీ పేదవాడి బతుకు తెరకెక్కినప్పుడు అది ఎవరి సొత్తు అన్న ప్రశ్న కోర్టు తీర్పుతో తెగేది కాదు.

రెండో బడి సినిమా "ఆంత్ర్ లే మ్యూర్", అంటే "గోడల మధ్య". లోరాన్ కాంతే తీసినది. 2008లో కాన్ ఉత్సవంలో పామ్ దోర్ గెలిచింది. పారిస్‌లో వలస కుటుంబాల పిల్లలు చదివే బడి. ఫ్రాన్స్వా బెగోదో తన అనుభవంతో రాసిన పుస్తకాన్ని సినిమాగా తీస్తూ, పంతులు పాత్ర ఆయనచేతే వేయించారు. పిల్లలు కూడా నిజం పిల్లలే. మొదటి సినిమాలో పంతులు మాటకు పిల్లలు చెవులు రిక్కిస్తే, ఇందులో ప్రతి మాటకూ ఎదురు ప్రశ్న వస్తుంది.

రెండు ఘట్టాలు మన తల్లిదండ్రులందరూ చూడాలి. ఒకచోట వ్యాకరణానికి ఉదాహరణగా పంతులు బోర్డు మీద రాసిన వాక్యంలో "బిల్" అనే పేరు ఉంటుంది. ఎప్పుడూ ఈ తెల్లవాళ్ళ పేర్లేనా, మా పేర్లు రాయరేం అని ఆడపిల్లలు నిలదీస్తారు. ఇంకోచోట పంతులు ఒక పాతకాలపు క్రియారూపం నేర్పబోతే, బయట ఇలా ఎవడు మాట్లాడతాడండీ అని తరగతంతా గోల చేస్తుంది. పంతులు గారి దగ్గర సరైన జవాబుండదు.

ఇది చూస్తుంటే నాకు గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తొచ్చారు. పర్లాకిమిడిలో కూర్చుని ఆయన జీవితమంతా వాదించింది ఈ సంగతే కదా: జనం నోట లేని భాషను బడిలో పిల్లల నెత్తిన రుద్దకండని. ఆయన చుట్టూ ఉన్న జిల్లాల నుంచే మా పెద్దవాళ్ళు వలస వచ్చారు. మా ఇళ్ళలో తెలుగు ఆ ఉత్తరాంధ్ర తెలుగే. మా నాన్నమ్మ "ఏటి సేస్తన్నావు" అనేది. వారాంతపు తరగతిలో పుస్తకం "ఏమి చేస్తున్నావు" అంటుంది. పిల్ల ఇంటికొచ్చి, నాన్నమ్మ మాట్లాడేది తప్పు తెలుగా అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు మనం తడబడితే పిల్ల రెండు తెలుగులూ వదిలేసి ఇంగ్లీషులోకి దూకేస్తుంది. ఇందులో పిల్ల తప్పేమీ లేదు. మన బోధన పుస్తకాల్లో ఒక్క పాఠమైనా "ఏటి" అనే అవ్వ గురించి ఉండాలి. ఒక్క వాక్యమైనా రబ్బరు చెట్టు గురించి, నాసి లెమాక్ గురించి ఉండాలి. ఎన్నాళ్ళని మామిడి తోరణాలు, పల్లె చెరువు గట్లు?

ఇదే సినిమాలో సులేమాన్ అనే కుర్రాడి మీద క్రమశిక్షణ సంఘం కూర్చుంటుంది. వాడి తల్లికి ఫ్రెంచి రాదు. తనను బడిలోంచి తీసేయాలా వద్దా అని పెద్దలు మాట్లాడుకుంటుంటే, తల్లి మాటల్ని వాడే ఫ్రెంచిలోకి తిప్పి చెప్పాలి. పరాయి దేశంలో పెరిగిన పెద్ద కొడుకులకు, పెద్ద కూతుళ్ళకు ఈ పని కొత్తది కాదు. ఆస్పత్రిలో, బ్యాంకులో, పోలీసు స్టేషనులో అమ్మానాన్నలకు నోరుగా పనిచేసిన పిల్లలు మన ఇళ్ళలో ఎంతమంది లేరు!

మనకు సగం తెలిసిన సినిమా: దీపన్

అలాంటి పిల్లే "దీపన్" (2015) సినిమాలోనూ ఉంది. జాక్ ఓడియార్ తీసిన ఈ సినిమాకూ పామ్ దోర్ వచ్చింది. ఇది ఫ్రెంచి సినిమాయే గాని మాటల్లో చాలా భాగం తమిళం. శ్రీలంక యుద్ధంలో ఓడినవైపు పోరాడిన ఒకడు, వాడికి సంబంధం లేని ఒక యువతి, ఇద్దరికీ సంబంధం లేని ఒక అనాథ పిల్ల, చచ్చిపోయిన ఒక కుటుంబం పాస్‌పోర్టులతో తండ్రి, తల్లి, కూతురు వేషాలు వేసుకుని ఫ్రాన్సు చేరతారు. దీపన్ అన్నది కూడా ఆ చచ్చినవాడి పేరే. పారిస్ శివార్లలో అపార్టుమెంట్ల కాపలా పని దొరుకుతుంది. పిల్ల బడిలో భాష పట్టుకుని ఇద్దరు పెద్దవాళ్ళకూ దుబాసీ అవుతుంది.

మలేషియా తెలుగువాళ్ళకు తమిళం దాదాపు మాతృభాషతో సమానం. అందుకని ఈ సినిమా చూసేటప్పుడు మేమొక వింత స్థితిలో ఉంటాం. పక్కనున్న ప్రేక్షకుడు కిందనున్న అక్షరాలు చదివి నవ్వే లోపల మేం నవ్వేసి ఉంటాం. ఫ్రెంచి పాత్రలు మాట్లాడగానే మళ్ళీ మేమూ అక్షరాల మీద పడతాం. ఇంటి యజమాని మేనల్లుడు ఫ్రెంచిలో, యువతి యాళిని తమిళంలో, ఒకరి మాట ఒకరికి తెలియకుండానే మనసులో ఉన్నది చెప్పుకునే దృశ్యం ఈ సినిమాకు ప్రాణం. ఆ సమయంలో ఇద్దరినీ అర్థం చేసుకునేది ప్రేక్షకుడొక్కడే. అందులోనూ యాళినిని నేరుగా, మధ్యలో అనువాదం లేకుండా అర్థం చేసుకునే భాగ్యం మాకు దక్కింది.

చివరి ఇరవై నిమిషాలు మాత్రం నాకు నచ్చలేదు. అంతదాకా కూరగాయల సంచీ, మెట్లు ఊడ్చే చీపురు, స్కార్ఫ్ కట్టుకోవాలా వద్దా అన్న సందేహం, ఇలాంటి చిన్న చిన్న సంగతులతో నమ్మించిన దర్శకుడు, ఉన్నట్టుండి కత్తి, తుపాకీ, పొగ పట్టుకున్నాడు. మన తెలుగు సినిమా క్లైమాక్సులో హీరో మెట్లెక్కినట్టు దీపన్ మెట్లెక్కుతాడు. తర్వాత ఇంగ్లండులో పచ్చిక, ఎండ, పండగ. వలస వచ్చినవాడి కథకు ముగింపు ఒక పోరాట దృశ్యంతో రాదు. ఏళ్ళ తరబడి కాగితాల వెంట తిరగడంతో వస్తుంది, ఒక్కోసారి అదీ రాదు. యుద్ధం మనిషిని వదలదని చెప్పడం ఉద్దేశమైతే, పడుకునే ముందు వాడు పాడుకునే పాట దృశ్యంలోనే అది వచ్చేసింది.

అయినా పేరు మార్చుకుని బతకడమన్న అంశం మమ్మల్ని వదలదు. మలేషియా గుర్తింపు కార్డులో మన ఇంటిపేరుకు చోటు లేదు. ఫలానావాడి "అనక్ లెలాకి", అంటే కొడుకు, అని తండ్రి పేరు రాస్తారు. ఒకటి రెండు తరాలు గడిచేసరికి ఇంటిపేరు తెలిసినవాళ్ళు ఇంట్లో ఒక్కరో ఇద్దరో మిగులుతారు. పెళ్ళి సంబంధం కుదిరినప్పుడు గోత్రం, ఇంటిపేరు అడిగితే ముసలాయన దగ్గరకు పరిగెత్తాలి. ఆయన పోతే? మా పేర్లను ఎవరూ బలవంతంగా లాక్కోలేదు, నిజమే. అయినా అవి పోతూనే ఉన్నాయి.

ఉత్సవం చేసేదీ, చేయనిదీ

ఇంతగా మెచ్చుకున్నాక ఉత్సవం మీద రెండు విమర్శలు చేయకపోతే న్యాయం కాదు. మొదటిది, నా కంటికి కనిపించినంతలో ఎంపికలో తేలికపాటి హాస్యాలు, పారిస్ మధ్యతరగతి దంపతుల కలహాలు ఎక్కువ. హాలు నిండాలి గనక అలా చేస్తారని అర్థమవుతుంది. కానీ ఫ్రెంచి మాట్లాడేవాళ్ళు ఒక్క పారిస్‌లోనే లేరు. క్వెబెక్‌లో ఉన్నారు, సెనెగల్‌లో ఉన్నారు, మారిషస్‌లో ఉన్నారు. క్వెబెక్ నుంచి వచ్చిన "మొస్యూ లజార్" (2011) లాంటి సినిమా, ఒక అల్జీరియా శరణార్థి బడి పంతులుగా చేరే కథ, మన దేశంలో ఎవరికైనా హత్తుకుంటుంది. రెండోది, ఉత్సవం పెద్ద ఊళ్ళు దాటి రాదు. సుంగై పెటానిలో సినిమా హాళ్ళకు కొరత లేదు, చూసేవాళ్ళకు కూడా కొరత ఉండదని నా నమ్మకం. ఇక సెన్సారు కత్తెర సంగతి చెప్పక్కర్లేదు. ప్రేమికులు దగ్గరయ్యీ కాకముందే మర్నాడు తెల్లవారుతుంది.

కానీ ఒక్క విషయంలో వాళ్ళకు దణ్ణం పెట్టాలి. అలియాన్స్ ఫ్రాన్సేజ్ పుట్టింది 1883లో. తమ భాష తమ దేశం బయట కూడా బతకాలంటే ఎవరో ఒకరు పనిగట్టుకుని చూడాలని అప్పుడే గ్రహించారు. సినిమా కోసం 1946లో ఒక జాతీయ కేంద్రం పెట్టుకున్నారు. ఫ్రాన్సులో అమ్ముడుపోయే ప్రతి సినిమా టిక్కెట్టు మీదా 10.72 శాతం ఆ కేంద్రానికి వెళుతుంది. అమెరికా సినిమా టిక్కెట్టయినా సరే. ఆ డబ్బు మళ్ళీ సినిమాలు తీయడానికి, హాళ్ళు నిలబెట్టడానికి తిరిగొస్తుంది. 1993లో ప్రపంచ వాణిజ్య చర్చల్లో, సినిమా అంటే సబ్బుబిళ్ళ లాంటి సరుకు కాదని పట్టుబట్టి నిలబడింది కూడా వాళ్ళే.

మన సంగతి చూడండి. తెలుగు సినిమా ఫ్రెంచి సినిమాకు సంఖ్యలో గాని, జనాదరణలో గాని చిన్నదేమీ కాదు. పెద్ద హీరో సినిమా విడుదలైన వారానికే ఇక్కడి హాల్లో పడుతుంది. ఈలలు వేస్తాం, వచ్చేస్తాం. మన సినిమాలవాళ్ళు మలేషియాకు రాకపోలేదు. 2009 నాటి "బిల్లా" కథంతా ఇక్కడే నడుస్తుంది. మెరిసే భవంతులు, కార్లు, హెలికాప్టర్లు అన్నీ ఉన్నాయి. మూడు నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్న తోట తెలుగువాడు మాత్రం ఎక్కడా లేడు. మన పక్కింటి తమిళ కుర్రాళ్ళు మాత్రం ఊరుకోలేదు. తోటలు వదిలి పట్నం శివార్లకు చేరిన కుటుంబాల కథతో సంజయ్ కుమార్ పెరుమాళ్ తీసిన "జగాట్" 2015లో విడుదలై, మరుసటి ఏడాది మలేషియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ మలేషియా చిత్రంగా బహుమతి తెచ్చుకుంది. అది చూస్తున్నప్పుడు ఆ ఇళ్ళన్నీ మావే అనిపించింది. మాట ఒక్కటే మాది కాదు.

కాబట్టి మన సంఘాలకు నాదొక మనవి. ఉగాది వేదిక మీద పిల్లలచేత సినిమా పాటలకు డాన్సులు చేయించండి, వద్దనను. దానితోపాటు ఏడాదికి ఒక్క రోజు, ఒక్క తెలుగు సినిమా, కింద ఇంగ్లీషు గాని మలాయ్ గాని అక్షరాలు వేసి చూపించండి. స్టార్ల సినిమా కాదు. 1977లో మృణాల్ సేన్ తెలుగులో తీసిన "ఒక ఊరి కథ" ఉంది, అది కాన్ దాకా వెళ్ళింది. గౌతమ్ ఘోష్ "మా భూమి" ఉంది. 1981లో ఫ్రాన్సులోని బెజాన్సోన్ ఉత్సవంలో ప్రేక్షకుల బహుమతి తెచ్చుకున్న "శంకరాభరణం" ఉంది. మాట రాని తెలుగు ఊరి ప్రేక్షకులు మెచ్చిన సినిమాను, మాట సగం వచ్చిన మన పిల్లలు చూడలేరా?

అక్షరాలు వేస్తే పిల్లలు తెలుగు నేర్చుకోరని మా మిత్రులొకరు వాదిస్తారు. నా అనుభవం దానికి ఎదురు. తెలియని మాట ముందు అవమానపడకుండా కూర్చోగలగడం ముందు నేర్చుకోవాలి. ఫ్రెంచి సినిమా హాల్లో నేను నేర్చుకున్నది అదే. అక్కడ నాకు భాష రాదని ఎవరూ వెక్కిరించలేదు. మన తెలుగు సభల్లో మాత్రం పిల్లవాడు ఒక్క మాట తప్పు పలికితే పెద్దవాళ్ళందరూ నవ్వుతారు. ఆ నవ్వు ఆపితే సగం పని అయినట్టే.

మిగతా సగం ఇంకొంచెం కష్టం. తోటల్లో పుట్టి ఇప్పుడు ఎనభైలు దాటినవాళ్ళు ప్రతి ఊళ్ళో కొద్దిమంది ఉన్నారు. ఏ రేవులో ఓడెక్కారని విన్నారో, బడిలో మాస్టారు ఏం చెప్పేవాడో, దొర ముందు ఏ మాట అని తప్పించుకునేవారో వాళ్ళకింకా గుర్తుంది. ఇవాళ ప్రతి పిల్లవాడి చేతిలోనూ కెమెరా ఉన్న ఫోను ఉంది. ఈ సెలవుల్లో ఒక్క పూట ఆ ముసలాయన ఎదుట కూర్చోబెట్టి, "తాతా, మన ఇంటిపేరు ఏటి?" అని అడిగించండి. ఆయన చెప్పేదంతా, ఆయన యాసలోనే, దిద్దకుండా తీసి ఉంచమనండి.